అర్రెం నాడు అమ్మ ఏం చేయాలి?

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు తీరే వేరు. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. అమ్మవారు అలిగింది కాబట్టి అలిగిన బతుకమ్మ అంటారు, కొన్నిచోట్ల అర్రెం అంటారు. పెత్రమాస నాటి ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే వరుస ఇది. ముందు ఐదు రోజులు, తర్వాత మూడు రోజులు తీరిక లేని సందడి పెట్టుకుని, నడుమ ఒక్క రోజు ఖాళీ వదిలారు మన వెనకటి ఆడవాళ్లు. అలకకు చెప్పే కథ ఏదైనా కానివ్వండి, ఏర్పాటు మాత్రం భలే తెలివైనది.

ఇప్పుడు ఆ రోజు హైదరాబాద్‌లో ఉప్పల్‌లోనో నాచారంలోనో ఏ అపార్ట్‌మెంట్‌లోకైనా తొంగిచూడండి. "ఇయ్యాల ఎట్లాగూ బతుకమ్మ లేదు గదా" అని అమ్మ స్టూలెక్కి ఫ్యాన్లు తుడుస్తుంటుంది. పరుపుల మీది దుప్పట్లన్నీ ఉతికి డాబా మీద ఆరేస్తుంటుంది. దేవత అలిగితే ఊరంతా ఆట ఆపేస్తుంది. ఇంట్లో ఆవిడ అలిగితే "బీపీ గోలీ వేసుకున్నవా?" అని అడుగుతారు.

పండగలు తగ్గించుకోమని చెప్పడానికి ఈ అధ్యాయం రాయడం లేదు. అలా చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి, అవి చదివి పక్కన పెట్టి మళ్లీ పిండి కలుపుకునే వాళ్లూ చాలామందే ఉన్నారు. ఎందుకంటే మనకు పండగంటే ఇష్టం. చిక్కంతా ఎక్కడంటే, ఆ ఇష్టమైన పనికే చివరికి టైము మిగలదు. ముగ్గు అంటే ప్రాణమైన మనిషి భోగి తెల్లవారుజామున గబగబా నాలుగు గీతలు గీసి వంటింట్లోకి పరుగెత్తుతుంది. పూలు పేర్చడంలో ఆరితేరిన మనిషి సద్దుల నాడు పులిహోర కలుపుతూ, "నువ్వే పేర్చెయ్ బిడ్డా" అని కూతురికి తాంబాళం అప్పజెప్తుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎవరూ అడగకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా మీరు చేసే పండగ పని ఒకటుంటుంది. ముందు దాన్ని మీ పేరున రాసుకోండి. మిగతా పనులను పంచండి, కొనండి, లేదా వదిలేయండి. పండగకొకసారి ఈ లెక్క చూసుకోవాలి.

మన వైపు ఈ లెక్క మరీ అవసరం. ఉప్పల్ అంటే వరంగల్ దారికి గుమ్మం. జనగామ, భువనగిరి, హన్మకొండ వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు బస్సు దిగిన చోటికి దగ్గర్లోనే ఇల్లు చూసుకున్నారు. నాచారం పారిశ్రామికవాడ పనివాళ్లను రప్పించింది. హబ్సిగూడ, తార్నాక వైపు ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ ల్యాబులు ఉద్యోగస్తులను రప్పించాయి. అందుకే ఒకే మెట్ల వరుసలో ఒక ఇంట్లో సద్దుల బతుకమ్మ, ఎదురింట్లో కోస్తా నుంచి వచ్చినవాళ్ల బొమ్మల కొలువు, పై అంతస్తులో క్రిస్మస్ నక్షత్రం, ఇంకో వాటాలో రంజాన్ నాటి షీర్ ఖుర్మా. చూడ్డానికి ముచ్చటే. కానీ పక్కింటి పండగ కూడా మన పండగే అవుతుంది. వాళ్లు పంపిన డబ్బా ఖాళీగా తిప్పి పంపలేం కదా. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం వాయనాలతో మొదలైన డబ్బాల రాకపోకలు సంక్రాంతి సకినాల దాకా ఆగవు.

పల్లెలో పండగ పనిలో మగవాళ్ల వాటా ఉండేది. తంగేడు, గునుగు కోసుకొచ్చేది అన్నదమ్ములు, పిల్లలు. మామిడాకులు తెచ్చేది, తోరణాలు కట్టేది, గోడలకు సున్నం వేసేది, జమ్మికి పోయేది వాళ్లే. పట్నం వచ్చేసరికి పొలం గట్లు లేవు, చెట్లు లేవు. కోసుకొచ్చే పనులన్నీ కొనుక్కొచ్చే పనులయ్యాయి. కొనుక్కురావడం అమ్మ సంచిలో పడింది. పిండివంటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే పట్నంలో మగవాళ్ల పండగ పని కరిగిపోయింది, ఆడవాళ్ల పని రెండింతలైంది. దీన్ని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. అలా జరిగిపోయింది, అంతే. కాబట్టి ఇంట్లో మాట్లాడేటప్పుడు "మీరు నాకు సాయం చేయరు" అని మొదలుపెట్టకండి. "మీ నాయిన తెచ్చేటోడు గదా పూలు, ఆ పని మళ్లీ మీరే చూసుకోండి" అనండి. పాత వాటా అడుగుతున్నారు గనుక మాట తేలిగ్గా పోతుంది.

దేశం మొత్తం లెక్క కూడా ఇలాగే ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉంటే, ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు 97 నిమిషాలు ఉన్నారు. 2024లో మళ్లీ అడిగితే 289, 88 అని తేలింది. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్లకు తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఆ భారం మిక్సీ మీదా వాషింగ్ మెషిన్ మీదా పడిందని అనుకోవాలి! ఇది మామూలు రోజుల సగటు. పండగ ముందటి వారం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక కాగితం పని. పండగకు మూడు వారాల ముందు ఒక సాయంత్రం పాత నోటుబుక్కులో పండగ పనులన్నీ రాయండి. వంటలు, బట్టలు, పూజ సామాన్లు రాయగానే అయిపోయిందనుకోకండి. అసలైనవి ఆ తర్వాత వస్తాయి. ఆడబిడ్డకు ఫోన్ చేసి పండగకు రమ్మనడం, యారాలు నొచ్చుకోకుండా చూడటం, పోయినసారి మనకు ఎవరు ఏం పెట్టారో గుర్తుంచుకుని అంతకు తగ్గకుండా పెట్టడం, కొత్తగా పెళ్లయిన పిల్లకు ఒడిబియ్యం, పెద్దాయన మోకాళ్లకు మెట్లెక్కడం కష్టమని కింది గదిలో పడక సర్దడం. ఇవి ఎవరి కంటికీ ఆనవు. మికేలా డి లియొనార్డో అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1987లో అక్కడి ఇటాలియన్ మూలాలున్న కుటుంబాల మీద ఒక వ్యాసం రాసింది. పండగలకు కార్డులు పంపడం, ఫోన్లు చేయడం, కానుకలు ఎంచడం, విందులు జరపడం, ఇదంతా చుట్టరికాన్ని నిలబెట్టే పని అనీ, అది ఆడవాళ్ల మీదే పడుతోందనీ, దాన్ని ఎవరూ పని కింద జమకట్టడం లేదనీ ఆమె చెప్పింది. కాలిఫోర్నియాలో క్రిస్మస్ కార్డు, మన దగ్గర పెట్టుపోతలు. తేడా అంతే.

రాశాక ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఎవరినీ పిలిచి చూపించక్కర్లేదు. నీళ్ల సీసా కోసం వచ్చినప్పుడు వాళ్లే చదువుకుంటారు. మీరు మాత్రం మీకు ప్రాణమైన పనికి చుట్టూ గీత గీయండి. ఒక్కదానికే. రెండిటికి గీశారంటే ఆ రెండూ సగం సగమే అవుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు సకినాలకు గీత గీశారనుకోండి. అది చాలా మంచి ఎంపిక, ఎందుకంటే సకినం హడావిడిగా చేస్తే రాదు. కొత్త బియ్యం రాత్రంతా నానాలి. పొద్దున నీళ్లు వడగట్టి, చెమ్మ ఆరకముందే పిండి పట్టించాలి. సంక్రాంతి ముందు గిర్ని దగ్గర తడి బియ్యం గిన్నెల వరుస చూస్తే మీకే తెలుస్తుంది, పొద్దున్నే వెళ్లడం ఎంత మంచిదో. కిలో బియ్యానికి పావుకిలో దాకా నువ్వులు, రెండు మూడు చెంచాల వాము, ఉప్పు. పిండి చపాతీ ముద్దలా గట్టిగా ఉంటే చుట్టేటప్పుడు తెగుతుంది, జారుగా ఉంటే వరస నిలవదు. వేళ్ల సందున మెలితిప్పుతూ పలచని నూలు బట్ట మీద మూడు నాలుగు వరసలు తిప్పాలి. తిప్పాక తొందరపడి తీయకూడదు. కొంతసేపట్లో బట్ట ఆ చెమ్మ పీల్చుకుంటుంది, సకినం గట్టిపడుతుంది. అప్పుడే విరగకుండా నూనెలోకి పోతుంది. ఈ ఆగే టైములోనే కబుర్లు, పాటలు, పక్కింటి కోడలి సంగతులు. వెనకట సకినాలకు వాడకట్టు ఆడవాళ్లంతా కూడేవాళ్లు, ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో అని బదులు పెట్టుకునేవాళ్లు. అపార్ట్‌మెంట్లలో ఈ బదులు మళ్లీ మొదలుపెట్టొచ్చు. డాబా మీద ఎండ తగలని చోట రెండు పాత చీరలు పరిస్తే చాలు. వచ్చినవాళ్లకు టీ, మిరపకాయ బజ్జీ.

అయితే షరతు ఒకటి. సకినాలు మీవైతే గరిజెలు, లడ్డూలు, మురుకులు మీవి కావు. కొనండి. హబ్సిగూడ నుంచి బోడుప్పల్ దాకా సందుకొక స్వగృహ దుకాణం ఉంది. దాంట్లో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ దుకాణాల వెనక వంటింట్లో కూడా ఇంకో ఇంటి ఆడవాళ్లే చెయ్యి కాల్చుకుంటున్నారు, వాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి. సిగ్గు కంటే అత్తగారి అభ్యంతరం గట్టిది. అందుకని ఆ మాట ముందుగానే, పండగ దగ్గరపడకముందే అనాలి.

"అత్తమ్మా, ఈసారి సకినాలు మనమే చేద్దాం. లడ్డూలు, గరిజెలు బయట తెప్పిస్తా. ఏమంటరు?"

"బయటియి నూనె మంచిగుండది బిడ్డా. మాడిన నూనెల్నే మళ్ల మళ్ల చేస్తరు."

"అందుకే మీరు రావాలె. రెండు మూడు దుకాణాల్ల పావుకిలో పావుకిలో తెద్దాం. మీరు ఏది మంచిగుందంటే అదే."

పెద్దావిడ మాట తీసేయలేదు, పనిలోంచి తప్పించలేదు. రుచి తేల్చే పెద్దరికం ఆమెకే దక్కింది. చాలా ఇళ్లలో గొడవ కొన్నందుకు రాదు, అడగకుండా కొన్నందుకు వస్తుంది.

పంచుకునే పనికి సద్దుల బతుకమ్మను మించింది లేదు. పెరుగు, చింతపండు, నిమ్మకాయ, నువ్వులు, కొబ్బరి, ఇలా ఐదు రకాల సద్దులు ప్రతి ఇంట్లోనూ ఎవరికి వారు కలుపుకుంటారు. ఆడిన తర్వాత అందరూ అందరికీ పంచుతారు. చివరికి ప్రతి డబ్బాలో ఐదు రకాల అన్నం, తినేవాళ్లు లేక మర్నాడు పొద్దున ఉప్మా మానేసి అదే తినడం. ముందే మాట్లాడుకుని ఇంటికొక రకం చేస్తే, ఐదిళ్ల వాళ్లకూ ఐదు రకాలూ వస్తాయి. ఎవరి చేతి రుచి దేంట్లో ఉందో కాలనీలో అందరికీ తెలుసు కదా, ఆ లెక్కన పంచుకోండి. మలీద ముద్దలు ఎవరో ఒకరు ఒప్పుకుంటారు. నైవేద్యం ఇంట్లోనే పూర్తిగా చేయాలనే పట్టింపు ఉన్నవాళ్లు దేవుడి వాటాకు ఐదు పిడికిళ్లు విడిగా కలుపుకుంటారు. దానికి పెద్ద గిన్నె దించక్కర్లేదు.

ఇక మగవాళ్ల వాటా. ఇచ్చేటప్పుడు పని మొత్తంగా ఇవ్వాలి, ముక్కలుగా ఇస్తే మళ్లీ మన తలకే చుట్టుకుంటుంది. పూల సంగతే చూడండి. "వచ్చేటప్పుడు పూలు తెండి" అంటే ఉప్పల్ రింగ్ రోడ్డులో బండి ఆపి నాలుగుసార్లు ఫోన్ చేస్తారు. గునుగు ఎన్ని కట్టలు, తంగేడు దొరకలేదు ఏం చేయాలి, బంతి ఎర్రదా పచ్చదా అని. పని మొత్తంగా ఇవ్వడమంటే పొద్దున్నే వెళ్లి బేరమాడి తేవడం, గునుగు కాడలు సమానంగా కత్తిరించడం, కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం, కింద పరచడానికి గుమ్మడాకులు దొరికాయో లేదో చూసుకోవడం, అన్నీ వాళ్లవే. మొదటి ఏడాది తంగేడు బదులు ఇంకేదో పచ్చపూలు వస్తాయి. రానివ్వండి. బతుకమ్మ ఏమీ అనుకోదు. మీరు మాత్రం "నేనే పోతే అయిపోయేది" అనే మాట నాలుక చివరన ఆపుకోవాలి. ఆ ఒక్క మాటతో మరుసటి ఏడాది సంచి మళ్లీ మీ చేతికి వస్తుంది.

షిఫ్టుల్లో పనిచేసే ఇంటాయన ఉంటే రెండో షిఫ్టు వారంలో పొద్దుటి పనులు, మొదటి షిఫ్టు వారంలో సాయంత్రం పనులు ఇవ్వండి. పిల్లలకు దసరా సెలవుల్లో ఫోన్ తగ్గించాలంటే చేతికి పని కావాలి. పదేళ్లు దాటిన పిల్లలకు పెట్టుపోతల లెక్కల పుస్తకం అప్పజెప్పండి. ఎవరికి ఏం పెట్టాం, ఎంతయింది అని రాయడం వాళ్ల పని. వాళ్లు మనకంటే ఖచ్చితంగా రాస్తారు, మేనత్త చీర ధర కూడా దాచరు. ఆ పుస్తకాన్ని చుట్టాలు వచ్చినప్పుడు అల్మారాలో పెట్టడం మీ పని.

బజారు పనుల గురించి రెండు మాటలు. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కితే సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్ ఎంతో దూరం కాదు, మోండా మార్కెట్, జనరల్ బజార్ పనులు ఒక్క పూటలో అయిపోతాయి. నాచారం వాళ్లకు హబ్సిగూడ స్టేషన్ దగ్గర. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం బయటి పని పెట్టుకోకండి, హబ్సిగూడ నుంచి రింగ్ రోడ్డు దాకా పడే తిప్పలు అందరికీ తెలిసినవే. బ్లౌజులు నెల ముందే ఇవ్వాలి. పండగ ముందు టైలర్ ముఖం ఎట్లుంటుందో చూశాక కూడా కొత్త బ్లౌజు తీసుకుపోయేవాళ్లను చూస్తే నాకు వాళ్ల ధైర్యం మీద గౌరవం కలుగుతుంది.

కొందరికి ఇష్టమైన పని వంటా కాదు, ముగ్గూ కాదు, మొక్కలు. వాళ్లు అదృష్టవంతులు, ఎందుకంటే వాళ్ల పండగ నెలల ముందు నుంచే మొదలవుతుంది. వరంగల్ దారిలో ఉప్పల్ దాటాక వచ్చే నారపల్లిలో కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని మిద్దెతోట పేరుతో పుస్తకంగా కూడా రాశారు. ఆయన్ను చూసి డాబాల మీదికి మట్టి మోసినవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. అంత పెద్ద తోట అక్కర్లేదు. బోనాల నాటికి బంతి విత్తనాలు ఒక ట్రేలో చల్లండి. మూడు నాలుగు వారాల్లో నారు తయారవుతుంది. కుండీల్లోకి మార్చి, కాస్త ఎదిగాక తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది, పూలు ఎక్కువ వస్తాయి. బతుకమ్మ నాటికి పూత మీద ఉంటుంది. పెద్ద బతుకమ్మకు చాలవు, కానీ ఒక వరసైనా సొంత పూలతో పేర్చొచ్చు. చేతిపని ఇష్టమైనవాళ్లు ఉప్పల్ భగాయత్‌లోని మినీ శిల్పారామానికి పండగ వారం కాకుండా మామూలు వారం వెళ్లండి. జనం తక్కువగా ఉన్నప్పుడైతే చేతిపని చేసేవాళ్ల పక్కన కూర్చుని ఒక కుట్టు, ఒక ముడి నేర్చుకోవచ్చు.

పుట్టింటికి వెళ్లడం కూడా పండగ పనే, దానికీ గీత గీయొచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడంతో ఉప్పల్‌లో బస్సెక్కడం పెద్ద ఖర్చు కాదు. దసరా ముందు రోజు సాయంత్రం మాత్రం వద్దు. 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనుల మధ్య ఆ రద్దీలో నిలబడి వెళ్లినవాళ్లకు ఆ సాయంత్రం గురించి చెప్పనక్కర్లేదు. మరి ఎప్పుడు వెళ్లాలంటే, నా సలహా అర్రెం నాడు. పొద్దున్నే బయల్దేరండి. ఇంట్లో బతుకమ్మ పేర్చే పని లేదు, నైవేద్యం లేదు, కొలనులో వేయడానికి సాయంత్రం పరుగులు లేవు. అమ్మ చేతి అన్నం తిని, ఒక నిద్ర తీసి, చీకటి పడేలోపు తిరిగి రావచ్చు. పుట్టింటి దారి లేనివాళ్లు ఇంట్లోనే ఉండండి కానీ స్టూలెక్కకండి. ఫ్యాన్ల మీద దుమ్ము పండగ అయ్యాక కూడా ఉంటుంది.

ఆ రోజు వంట ఎవరిదని పిల్లలు అడుగుతారు. ముందురోజే చెప్పాలి, ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంది, కూర కావాలంటే నాయినను అడగమని. అతిశయోక్తి కాదు, మగవాళ్లు చేసిన టమాటా కూర తిని ఎవరూ ఆస్పత్రి పాలు కాలేదు.

పండగ అయిన వారంలోపే ఫ్రిజ్ మీది కాగితం తీసి, వెనకవైపు ఈసారి ఏం మిగిలింది, ఏం తక్కువైంది అని రాసి దాచుకోండి. మురుకులు రెండు డబ్బాలు ఎక్కువయ్యాయి, సద్దుల ఐదిళ్ల పద్ధతి కుదిరింది, గునుగు రంగు చేతులకు అంటింది, ఇలా. దసరాకూ దీపావళికీ నడుమ ఉండేది ఇరవై రోజులే. ఆ కాగితం అప్పుడే మళ్లీ అవసరమవుతుంది.